ఏథెన్స్‌కు దారి గుడిమల్లం మీదుగా

ఒలింపియా పక్కనే ఆల్ఫియోస్ అనే నది పారుతుంది. రెండు వేల ఏళ్ల కిందట ఆటల పండుగకు భార్యాభర్తలు కలిసి బయల్దేరితే, ఆ ఏటి ఒడ్డుకొచ్చేసరికి దారులు వేరైపోయేవి. భర్త ఏరు దాటి పందేల మైదానానికి వెళ్లేవాడు. భార్య ఇవతలి గట్టునే ఆగిపోవాలి. పెళ్లయిన స్త్రీ ఆ రోజుల్లో ఏరు దాటి దొరికితే టైపయోన్ కొండ మీంచి తోసెయ్యాలని కట్టుబాటు. క్రీ.శ. 2వ శతాబ్దంలో గ్రీసంతా తిరిగి యాత్రా గ్రంథం రాసిన పౌసానియస్ ఈ సంగతి చెబుతూ, అలా పట్టుబడింది ఒక్కతేనని రాశాడు. ఆమె పేరు కల్లిపతేరా. భర్త పోయాడు, కొడుకు పోటీలో ఉన్నాడు. శిక్షకుడి వేషం వేసుకుని కొడుకుతో పాటు లోపలికి వెళ్లింది. వాడు గెలవగానే ఆనందం పట్టలేక శిక్షకుల కంచె దూకింది. గుట్టు బయటపడింది. తండ్రి, అన్నదమ్ములు, కొడుకు అంతా ఒలింపిక్ విజేతలే కాబట్టి వాళ్ల మీద గౌరవంతో ఆమెను వదిలేశారు. ఆ తర్వాత శిక్షకులు కూడా ఒంటి మీద బట్ట లేకుండానే రావాలని కొత్త నియమం పెట్టారు.

ఇప్పుడు అదే ఒలింపియాలో గేటు దగ్గర ఇద్దరికీ టికెట్ ఇస్తారు. దాదాపు 192 మీటర్ల ఆ పరుగుబాట నేటికీ మట్టినేలే. బాట మొదట్లో అడ్డంగా పరిచిన రాళ్ల మీద, పరుగుకు సిద్ధమయ్యేవాళ్లు కాలివేళ్లు ఆనించుకోవడానికి తొలిచిన గాళ్లు ఇంకా కనిపిస్తాయి. యాత్రకొచ్చిన జంటలు ఆ గాళ్లలో కాళ్లు పెట్టి సరదాగా పందెం వేసుకుంటారు. కల్లిపతేరా కథ తెలిసి పరుగెత్తే జంటకు ఆ పందెం ఉత్త సరదాగా మిగలదు.

ఇక మన వైపు చూస్తే, తిరుమలలో పెళ్లి చేసుకుని, మర్నాడు శ్రీకాళహస్తి చూసుకుని, రేణిగుంటలో రైలో విమానమో ఎక్కే కొత్త జంటలు తిరుపతి ప్రాంతానికి కొత్త కాదు. పిల్లల చదువులూ పెళ్లిళ్లూ తీరిపోయాక ‘కాశీ చూశాం, ఇక విదేశం కూడా ఒకటి చూద్దాం’ అనుకునే పెద్ద జంటలూ ఉన్నారు. ఆ విదేశాల జాబితాలో గ్రీసు పేరు వినబడితే చాలామందికి ముందు కళ్ల ముందుకొచ్చేది శాంటోరిని తెల్ల ఇళ్లూ, నీలి గుమ్మటాలూ. కానీ గ్రీసుకు అసలు బలం దాని పాత రాళ్లలో ఉంది. ఆ రాళ్లను చదవడం నేర్పే బడి రేణిగుంట నుంచి అరగంట దూరంలో, స్వర్ణముఖి తీరంలో ఉంది. గ్రీసు వెళ్లదలచుకున్న జంట విమానం ఎక్కే ముందు ఒక పూట గుడిమల్లంలో గడపాలి. అక్కడి శివుణ్ని చూసి వెళ్లినవాళ్లకు గ్రీసు ఒకలా కనిపిస్తుంది, చూడకుండా వెళ్లినవాళ్లకు ఇంకోలా కనిపిస్తుంది.

రేణిగుంట నుంచి శ్రీకాళహస్తి వైపు వెళ్తూ పాపానాయుడుపేట దారి పట్టాలి. ఏర్పేడు మండలంలోని గుడిమల్లం అనే చిన్న ఊళ్లో పరశురామేశ్వరాలయం బయటికి పెద్ద ఆర్భాటంగా ఏమీ కనిపించదు. విమానం వెనకవైపు గుండ్రంగా, ఏనుగు వీపులా తిరిగి ఉంటుంది. గజపృష్ఠమంటారు దీన్ని. గర్భగుడి నేల ముందున్న మండపం కన్నా పల్లంలో ఉంటుంది. అంటే చుట్టుపక్కల నేల శతాబ్దాలుగా పెరుగుతూ వచ్చినా, స్వామి మాత్రం మొదట నిలబెట్టిన చోటే నిలిచి ఉన్నాడు.

లింగం ఎత్తు సుమారు 5 అడుగులు. ముదురు గోధుమరంగు గట్టి రాయి, నున్నగా మెరుగు పెట్టినది. దాని ముందువైపు నుంచి శివుడు నిలువుగా పైకి పొడుచుకొచ్చినట్టు నిలబడి ఉంటాడు. నాలుగు చేతులు లేవు, రెండే. కుడిచేత్తో ఒక పొట్టేలును వెనక కాళ్లు పట్టి తలకిందులుగా వేలాడదీశాడు. ఎడమచేతిలో చిన్న పాత్ర, ఎడమ భుజం మీద గొడ్డలి. జడలు తలపాగాలా చుట్టి ఉన్నాయి. చెవులకు బరువైన కుండలాలు, చేతులకు కడియాలు, నడుముకు ఒంటి రేఖలు దాచనంత పలుచని బట్ట. జంధ్యం లేదు. గుడుల్లో మనకు అలవాటైన శివుడు కాదితను. అడవిలోంచి వేట ముగించుకుని వచ్చినవాడిలా ఉంటాడు. కాళ్ల కింద ఒక మరుగుజ్జు యక్షుడు వంగి కూర్చుని, ఆయన బరువంతా భుజాల మీద మోస్తూ నవ్వుతున్నాడు.

ఈ విగ్రహం ఇద్దరు కలిసి చూడవలసినది. ఒకరు స్వామి ముఖం చూస్తుంటే రెండోవారు వంగి ఆ యక్షుడి ముఖం చూడాలి. తర్వాత చోట్లు మారాలి. ఆపైన ఇద్దరూ మాట్లాడుకోవాలి. తొక్కుతున్నవాడు ఎక్కడా కోపంగా లేడు, తొక్కించుకుంటున్నవాడు ఎక్కడా బాధపడటం లేదు. ఇది వీడిని శిక్షించడమా, వీడిమీద ఆయన ఆనుకోవడమా? పండితులు కూడా దీని మీద రకరకాలుగా రాశారు.

టి.ఎ. గోపీనాథరావు 1914-16 మధ్య వెలువరించిన హిందూ విగ్రహశాస్త్ర గ్రంథం ఈ లింగాన్ని పండిత లోకానికి బాగా పరిచయం చేసింది. 1954 నుంచి గుడి భారత పురావస్తు శాఖ సంరక్షణలో ఉంది. 1973-74లో ఐ.కె. శర్మ ఇక్కడ తవ్వకాలు జరిపారు. శాతవాహన కాలపు పెద్ద ఇటుకలు, నలుపు-ఎరుపు మట్టిపాత్రల పెంకులు బయటపడ్డాయి. లింగం చుట్టూ చతురస్రంగా రాతి కంచె ఉండేదని తేలింది, బౌద్ధ స్తూపాలకు ఉండేలాంటిది. మొదట్లో స్వామి ఆరుబయటే ఉండేవాడు, తర్వాత ఇటుక గుడి వచ్చింది, ఆ తర్వాత రాతి గుడి. పల్లవులు, బాణులు, చోళులు ఒకరి తర్వాత ఒకరు శాసనాలు వేయించారు. విక్రమ చోళుడి కాలంలో, 1126లో, గుడిని పూర్తిగా తిరిగి కట్టారు. అసలు లింగాన్ని నిలిపిందెవరో మాత్రం ఏ శాసనమూ చెప్పదు. కాలం క్రీ.పూ. 2-1 శతాబ్దాలని ఎక్కువమంది అంటారు, ఇంకొంత తర్వాతిదనే వాదనా ఉంది.

ఇక్కడే గ్రీసు కథలోకి వస్తుంది. పారిస్ లూవ్ర్ మ్యూజియంలో జనం తోసుకుంటూ చూసే చేతుల్లేని సుందరి మిలో వీనస్‌ను చెక్కింది క్రీ.పూ. 150-125 మధ్య. గ్రీకు శిల్పి ఒకడు ఆ పాలరాతి మీద చీర కుచ్చెళ్లలాంటి మడతలు తీస్తున్న రోజులకు కాస్త అటూ ఇటూగా, స్వర్ణముఖి ఒడ్డున మరో శిల్పి ఈ గట్టిరాతి మీద పలుచని బట్ట మడతలు తీశాడు. ఒకరి సంగతి ఒకరికి తెలిసే అవకాశం లేదు. కానీ ఇద్దరికీ పట్టుకున్న పని ఒకటే: గుడ్డ కప్పుతూనే కింది ఒంటిని చూపించడం. వీనస్ 1820లో పొలంలో దొరికింది, మరుసటేడుకల్లా లూవ్ర్ చేరింది. ఆమె దొరికిన మిలోస్ దీవిలో ఇప్పుడు ఉన్నది నకలు. గుడిమల్లం శివుడు చెక్కినప్పుడు నిలబెట్టిన చోటే ఉన్నాడు, దీపం ముందు ఉన్నాడు. రెండు వేల ఏళ్లలో ఇన్ని రాజ్యాలు మారిన చోట ఇలా జరగడం మామూలు సంగతి కాదు. దీనికి తిరుపతి, చిత్తూరు ప్రాంతాల వాళ్లం ఇంకా సరిపడా గర్వపడలేదనే చెప్పాలి.

దారిలో వచ్చిన పాపానాయుడుపేటలోనూ ఆగాలి. ఈ ఊరు గాజుపూసలకు పేరు. కరిగిన గాజును లాడా అనే ఇనుప గొట్టం చివర ముద్దగా చుట్టి, మధ్యలో కమ్మీతో బెజ్జం చేసి, కొలిమి నోట్లోంచి పనివాడు సన్నటి బోలు తీగలా లాగుతూ పోతాడు. ఆ తీగను ముక్కలుగా తుంచి, పూసలంత చిన్నవిగా నరికి, బెజ్జాలు మూసుకుపోకుండా బూడిద కలిపి మళ్లీ కాలుస్తారు. అప్పుడు అంచులు గుండ్రబడతాయి. అమెరికన్ పరిశోధకుడు పీటర్ ఫ్రాన్సిస్ ప్రపంచమంతా పూసల వెంట తిరిగి ఇక్కడికొచ్చాడు. పుదుచ్చేరి పక్కన అరికమేడులో రెండు వేల ఏళ్ల కిందట పూసలు చేసిన పద్ధతి ఇదేనని, అది ప్రాణాలతో మిగిలిన చోటు పాపానాయుడుపేటేనని ఆయన రాశాడు. ఆఫ్రికా తీరం నుంచి తూర్పున కొరియా, జపాన్ వరకు తవ్వకాల్లో ఈ రకం పూసలు దొరుకుతాయి. ఆ అరికమేడునే ‘పొదుకే’ అనే రేవుగా గుర్తిస్తారు. ఆ పేరు రాసింది క్రీ.శ. 1వ శతాబ్దపు గ్రీకు నావికుల పుస్తకం ‘పెరిప్లస్’. అదే పుస్తకం మన తూర్పు తీరాన్ని ‘మసాలియా’ అని పిలిచి, అక్కడి నుంచి సన్నబట్ట విరివిగా వస్తుందని రాసుకుంది. గ్రీకులకు మనం కొత్తవాళ్లమేమీ కాదు.

ఇక ఏథెన్స్. అక్రోపోలిస్ కొండ మీది పార్థినోన్ గుడిని క్రీ.పూ. 447లో మొదలుపెట్టి 432కల్లా ముగించారు. ఇక్టినోస్, కల్లిక్రాతిస్ స్థపతులు, శిల్పాల బాధ్యత ఫీడియాస్‌ది. తర్వాత అది చర్చి అయింది, మసీదు అయింది, తుర్కుల కాలంలో మందుగుండు కొట్టు కూడా అయింది. 1687 సెప్టెంబరు 26న వెనిస్ సేనల ఫిరంగి గుండు దాని మీద పడింది. రెండు వేల ఏళ్లు నిలబడ్డ గుడి నడుము ఆ ఒక్క రోజులో విరిగిపోయింది. మిగిలిన శిల్పాల్లో సగం దాకా 19వ శతాబ్దం మొదట్లో ఎల్గిన్ ప్రభువు ఊడదీయించి లండన్ తీసుకెళ్లాడు, 1816లో బ్రిటన్ పార్లమెంటు వాటిని కొని బ్రిటిష్ మ్యూజియానికి ఇచ్చింది. 2009లో ఏథెన్స్‌లో తెరిచిన అక్రోపోలిస్ మ్యూజియం పై అంతస్తులో ఈ దోపిడీ కళ్లకు కట్టినట్టు ఉంటుంది. ఏథెన్స్‌లో మిగిలిన అసలు పలకలు తేనెరంగులో, లండన్‌లో ఉన్నవాటి నకళ్లు తెల్లటి సున్నపు రంగులో, ఒకే వరసలో పక్కపక్కన పెట్టారు. అమరావతి స్తూపం పలకలు అదే బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయని తెలిసిన తెలుగువాళ్లకు ఆ తెల్లరంగు అర్థం కావడానికి గైడు అక్కర్లేదు.

పార్థినోన్ దగ్గర కూడా ఇద్దరు చేయాల్సిన పని ఒకటుంది. గుడి మూలకు ఎదురుగా కూర్చుని, కన్ను మెట్టు ఎత్తుకు తెచ్చి, అంచు వెంబడి అవతలి కొసకు చూడాలి. తిన్నగా ఉందనుకున్న అంచు మధ్యలో ఉబ్బి కనిపిస్తుంది. దాదాపు 70 మీటర్ల పొడవులో 11 సెంటీమీటర్లు, 31 మీటర్ల వెడల్పులో 6 సెంటీమీటర్లు. స్తంభాలూ నిట్టనిలువు కాదు, లోపలికి వాలి, నడుమ కాస్త ఉబ్బి ఉంటాయి. ఒక్కరే అయితే ఫోటో తీసుకుని దిగిపోతారు. ఇద్దరైతే ‘ఏమండీ, ఇటు రండి, ఇక్కడ కూచుని చూడండి’ అనే పిలుపొకటి వస్తుంది. ఆ పిలుపుతోనే గుడి తెరుచుకుంటుంది.

డెల్ఫీలో మన దగ్గరి ఒక కథ తలకిందులై కనిపిస్తుంది. అపోలో గుడి శిథిలాల మీద కస్త్రి అనే ఊరు వెలసి ఉండేది. 1892లో ఫ్రెంచి పురావస్తువేత్తలు తవ్వడానికి ఊరినే పక్కకు తరలించి కొత్తగా కట్టారు. ఈనాటి డెల్ఫీ టౌన్ అదే. మన నాగార్జునకొండలో శిథిలాలే కదిలాయి. 1926లో వెలుగులోకి వచ్చిన ఇక్ష్వాకుల రాజధాని విజయపురిని, 1955 డిసెంబరులో నెహ్రూ నాగార్జునసాగర్ డ్యామ్‌కు శంకుస్థాపన చేసిన రోజుల్లో, నీళ్లు కమ్మేలోగా తవ్వడానికి ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో 1954 నుంచి 1960 దాకా పెద్ద పని జరిగింది. కొన్ని కట్టడాలను రాయి రాయిగా ఎత్తి కొండ మీదికి, అనుపుకు తెచ్చి మళ్లీ నిలబెట్టారు. అక్కడ ఊరు లేచి రాళ్లకు చోటిచ్చింది, ఇక్కడ రాళ్లు లేచి పొలాల నీళ్లకు చోటిచ్చాయి. ఏది న్యాయమని డెల్ఫీ మెట్ల మీద ఇద్దరూ వాదించుకుంటే ఆ సాయంత్రం చాలదు.

ఆ అనుపులోనే, నాలుగు పక్కలా మెట్ల వరసలతో మన రంగస్థలం ఉంది. గ్రీకు, రోమన్ రంగస్థలాలతో పోల్చి చెబుతారు దీన్ని. విజయపురిలో రోమన్ బంగారు నాణేలు దొరికాయి. రాజప్రాసాదం దగ్గర దొరికిన ఒక రాతి మీద, పక్కన మద్యపాత్రతో, చేతిలో తాగే కొమ్ముతో, గడ్డం ఉన్న విదేశీ మనిషి ఉన్నాడు. గ్రీకుల మద్యదేవుడు డయోనిసస్ అని పండితులు గుర్తిస్తారు.

అనుపు చూసిన జంట గ్రీసులో ఎపిడారస్ రంగస్థలం తప్పక చూడాలి. క్రీ.పూ. 4వ శతాబ్దంలో కొండవాలులో కట్టిన ఈ మెట్ల మీద దాదాపు 14 వేల మంది పడతారు. వేసవిలో ఇప్పటికీ అక్కడ నాటకాలు ఆడతారు. ఒకరు కింద వృత్తం మధ్యలో నిలబడి నాణెం జారవిడవడం, రెండోవారు పై వరసలో కూర్చుని చెవి రిక్కించడం అక్కడి ఆచారం. గుసగుస కూడా పైదాకా వినబడుతుందని గైడ్లు చెబుతారు. 2017లో నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు పరికరాలతో కొలిచారు. నాణెం చప్పుడు పైదాకా చేరుతుంది గానీ, అది నాణెమని పోల్చుకోగలిగేది సగం వరసల వరకే. గుసగుస అర్థమయ్యేది ముందు వరసకే. కాబట్టి పైన కూర్చున్న మనిషికి చెప్పదలచుకున్నదేదైనా గొంతెత్తి చెప్పాలి. నాటకం ఆడినవాళ్లు చేసిందీ అదే.

రాతిలో జంటలు రెండు దేశాల్లోనూ ఉన్నారు. ఏథెన్స్ జాతీయ పురావస్తు మ్యూజియంలోని సమాధి ఫలకాల గది అన్నిటికన్నా నెమ్మదిగా నడవాల్సిన చోటు. భార్యాభర్తలు ఒకరి కుడిచెయ్యి ఒకరు పట్టుకుని నిలబడి ఉంటారు. పోయిందెవరో, మిగిలిందెవరో చాలా ఫలకాల్లో చప్పున చెప్పలేం. ఏడుపు లేదు, చెయ్యి వదలడమూ లేదు. మన నాగార్జునకొండ పలకల మీద బుద్ధుడి కథల్లో ఒక దృశ్యానికీ మరో దృశ్యానికీ నడుమ ఆడామగా జంటలు నిలబడి ఉంటారు. కథ ఎంత గంభీరమైనదైనా రెండు ఘట్టాల మధ్య ఒక ప్రేమజంట ఉండాల్సిందేనని ఆ శిల్పులు అనుకున్నారు. తిరుమలలో అయితే అడుగుపెట్టగానే జంట ఎదురవుతుంది. 1513 నుంచి 1521 మధ్య ఏడుసార్లు కొండెక్కిన శ్రీకృష్ణదేవరాయలు తిరుమలదేవి, చిన్నాదేవులతో కలిసి లోహమూర్తిగా చేతులు జోడించి నిలబడి ఉన్నాడు. ఎంతోమంది ఆ పక్క నుంచే క్యూలో కదిలిపోతారు.

గ్రీకు శిథిలాలకు పేరు తెచ్చిన జంట కూడా ఒకటి ఉంది. జర్మన్ వ్యాపారి హైన్రిక్ ష్లీమన్ 1869లో ఏథెన్స్ అమ్మాయి సోఫియాను పెళ్లాడాడు. అతనికి 47, ఆమెకు 17. హోమర్ కావ్యాల మీద పిచ్చి ఉన్న భర్తతో ఆమె తవ్వకాలకు నడిచింది. 1876లో మైసినీలో అతను బంగారు ముఖకవచాలు వెలికితీస్తుంటే, క్లైటెమ్నెస్ట్రా సమాధి అని పిలిచే గోపురపు కట్టడాన్ని తవ్వించే బాధ్యత సోఫియాది. అంతకుముందు ట్రాయ్ తవ్వకాల్లో దొరికిన నగలను ఆమె శాలువాలో దాచి తెచ్చిందని ష్లీమన్ రాసుకున్నాడు గానీ అది నిజం కాదు, ఆ సమయానికి ఆమె ఏథెన్స్‌లో ఉంది. కట్టుకథలో ఆమెకు ఇచ్చిన పాత్ర కన్నా, మైసినీ ఎండలో దుమ్ములో ఆమె నిజంగా చేసిన పని గొప్పది. ఏథెన్స్‌లో వాళ్లు కట్టుకున్న ఇల్లు ఇప్పుడు నాణేల మ్యూజియం. పాత నాణేలంటే ఆసక్తి ఉన్నవాళ్లు సగం రోజు పెట్టుకోవచ్చు.

ఇక ప్రయాణం మాటలు. రేణిగుంట నుంచి ఏథెన్స్‌కు నేరుగా విమానం లేదు. హైదరాబాదో బెంగళూరో ఎగిరి, లేదా రోడ్డున చెన్నై చేరి, గల్ఫ్ నగరాల మీదుగా వెళ్లడం చాలామంది పట్టే దారి. కావలసింది షెంజెన్ వీసా. అక్రోపోలిస్‌కు 2023 సెప్టెంబరు నుంచి రోజుకు 20 వేల మందికే ప్రవేశం, అదీ గంటలవారీ స్లాట్లలో. 2025 ఏప్రిల్ నుంచి టికెట్ 30 యూరోలు. ముందే ఆన్‌లైన్‌లో తీసుకోవాలి. మన ఎండలకు అలవాటుపడ్డవాళ్లం కదా అని జులైలో వెళ్లొద్దు. కొండ మీద చెట్టు నీడ ఉండదు, పాలరాయి కింది నుంచి కూడా కాలుస్తుంది. 2023 జులైలో వేడికి మధ్యాహ్నం గంటల తరబడి గేట్లు మూసేశారు. అరుగులు నున్నగా అరిగిపోయి జారుతాయి, పట్టు ఉన్న బూట్లు వేసుకోవాలి. నడవలేనివాళ్ల కోసం కొండ పక్కన లిఫ్టు ఉంది.

శాకాహారులు అన్నానికి మొహం వాచిపోతారని భయపడనక్కర్లేదు. శాంటోరినిలో ‘ఫావా’ అని పసుపుపచ్చ పప్పును మెత్తగా ఉడికించి, ఆలివ్ నూనె, ఉల్లిపాయ ముక్కలు వేసి ఇస్తారు, మన ముద్దపప్పుకు పినతల్లి బిడ్డే. ద్రాక్షాకుల్లో అన్నం చుట్టిన డోల్మాదెస్ కూడా ఉంది. గ్రీకు క్రైస్తవులు ఏడాదిలో చాలా రోజులు మాంసం, పాలు, గుడ్లు మాని ఉపవాసం ఉంటారు. ఆ ఉపవాసపు వంటను ‘నిస్తీసిమా’ అంటారు. హోటల్లో ఆ మాట అంటే వంటవాడికి విషయం అర్థమైపోతుంది. రొయ్యలు, నత్తలు మాత్రం వాళ్ల ఉపవాసంలో చెల్లుతాయి కాబట్టి అవి వద్దని విడిగా చెప్పాలి.

గ్రీసుకు ఏప్రిల్, మే నెలలు, లేదంటే సెప్టెంబరు చివరి నుంచి అక్టోబరు దాకా మంచి కాలం. గుడిమల్లానికి ఆ లెక్కలేవీ అక్కర్లేదు. ఏ ఆదివారమైనా పొద్దున్నే బయల్దేరి, గర్భగుడి తెరిచి ఉన్న వేళకు చేరుకుంటే చాలు. తర్వాత పాపానాయుడుపేటలో పూసలు చూసుకుని, భోజనాలయ్యాక తిరుపతి దాటి చంద్రగిరి కోట చేరవచ్చు. విజయనగర రాజుల చివరి రాజధానుల్లో ఒకటైన ఆ చంద్రగిరి రాజ్యం నుంచే 1639లో ఇంగ్లీషువాళ్లకు మద్రాసులో కోట కట్టుకునే అనుమతి వెళ్లింది. రాజమహల్‌లో పురావస్తు శాఖ మ్యూజియం ఉంది. శుక్రవారాలు మూసి ఉంటుంది కాబట్టి ఆ రోజు తప్ప ఏ రోజైనా పెట్టుకోవచ్చు.